పెళ్లి కుర్చీలో నలభై ప్రశ్నలు

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరయ్యాక రాసుకోవాలి. నాకింకా ముప్పై నిండలేదు. కానీ ఇక్కడ చెప్పబోయే ఉద్యోగం నుంచి మాత్రం పూర్తిగా విరమించాను. ఆ పనిలోకి ఇప్పుడు కొత్తవాళ్ళు చేరుతున్నారు. వాళ్ళలో ఇద్దరు ఫోన్ చేసి, ఫీల్డులో ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. పట్టిక వేసి పంపుదామని కూర్చున్నాను. పదిహేడు అంశాలయ్యాయి. చదివి చూసుకుంటే పదిహేడూ చార్జర్ల గురించి, పవర్ బ్యాంకుల గురించి ఉన్నాయి. ఆ కాగితం చించేసి ఇది రాస్తున్నాను.

నేను చదివింది కంప్యూటర్లు. చదువయ్యాక ఒక ఆరోగ్య సర్వేలో ప్రశ్నపత్రాన్ని ట్యాబ్‌లోకి ఎక్కించే పని దొరికింది. నలభై అయిదు నుంచి అరవై అయిదేళ్ళ ఆడవాళ్ళను కలవాలి. నెలసరి ఆగే రోజుల్లో, ఆగిపోయాక వాళ్ళ ఒంట్లో ఏం జరుగుతోంది, నిద్ర పడుతోందా, బీపీ ఎంత, షుగర్ ఎంత, నడుము చుట్టుకొలత ఎంత, మొత్తం మీద బతుకు ఎలా సాగుతోంది, ఇవన్నీ అడగాలి. చివరిదాన్ని ప్రశ్నపత్రం "జీవన నాణ్యత" అంటుంది. దానికి సున్నా నుంచి ఆరు దాకా మార్కులు. అన్నీ కలిపి నలభై ప్రశ్నలు.

ఆ ఫారం విషయంలో నేను మూడింటికి గర్వపడేవాణ్ణి.

ఒకటి, దాటవేత. "నెలసరి ఆగి ఏడాది దాటిందా?" అన్న ప్రశ్నకు అవునని నొక్కితే, రక్తస్రావం గురించిన ఆరు ప్రశ్నలూ వాటంతటవే మాయమవుతాయి. ఆగిపోయినదాని గురించి అడగడమెందుకు? మనిషికి మూడు నిమిషాలు ఆదా.

రెండు, కాపలా. యాభై ఎనిమిదేళ్ళు దాటిన మనిషి ఆ ప్రశ్నకు "లేదు" అంటే తెర ఎర్రబడి, "వయసు సరిచూడండి" అని కుయ్యిమంటుంది. ముందుకు పోదు. యాభై ఎనిమిది అని నాకెవరూ చెప్పలేదు. ఎక్కడో సగటు వయసు చదివి, దానికి కొంచెం కలిపి, నేనే పెట్టాను.

మూడు, శుభ్రత. ప్రశ్నపత్రం చివర "ఇతర వివరాలు" అని ఒక ఖాళీ గడి ఉండేది. అందులో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు, తర్వాత దాన్ని లెక్కలోకి తీసుకోవడం కుదరదు. అందుకని తీసేశాను.

శిక్షణ రోజున, మేం సర్వే చేయబోయే బస్తీ ఆశా కార్యకర్త చెయ్యెత్తింది. నలభై ఏళ్ళుంటాయి, భుజాన రిజిస్టర్ల సంచి. ఆమెను అక్కా అనే పిలిచేవాణ్ణి, ఇక్కడా అలాగే రాస్తాను.

"సార్, వాళ్ళు వేరే ఏదన్న చెప్తే యాడ రాయాలె?"

"వేరే ఏదీ ఉండదక్కా. అన్నీ ఇందులోనే ఉన్నాయి."

అక్క చెయ్యి దించింది.

నిజానికి ప్రశ్నలు అడగాల్సింది నేను కాదు. అందుకొక అమ్మాయిని పెట్టుకున్నారు. క్యాంపు మొదలవకముందే ఆమెకు వేరే ఉద్యోగం వచ్చింది. సర్వే నడిపే డాక్టర్ మేడమ్ నన్ను పిలిచి, "ఫారం చేసింది నువ్వే కదా, నీకంటే బాగా ఎవరికి తెలుసు? కొత్త అమ్మాయి వచ్చేదాకా నువ్వే కానిచ్చేయ్, పక్కన ఆశా ఉంటుంది" అన్నారు. అలా నా ఇరవై ఆరో ఏట, మా అమ్మనే ఎప్పుడూ అడగని ప్రశ్నలు పట్టుకుని పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలోకి వెళ్ళాను.

సర్వే క్యాంపుకు చోటిచ్చింది, పిన్నీ అన్న అర్థంలో అందరూ ఖాలా అని పిలిచే ఆవిడ. ఆ గల్లీలో పెళ్ళి సామాను అద్దెకిచ్చే దుకాణం ఆవిడది. భర్త పోయాక తనే నడుపుతోంది. యాభై అయిదేళ్ళు, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద నవ్వు. ఇంటి కింది హాలంతా డేగిషాలనే పెద్ద వంట గిన్నెలు, షామియానా గుడ్డలు, ప్లాస్టిక్ పూల తోరణాలు. కానీ అది పెళ్ళిళ్ళ సీజను. రోజూ ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఏ జల్‌పల్లి వలీమా విందుకో తరలిపోయేవి. మిగిలేవి రెండే: ఎర్ర మఖమల్, సింహం తల చేతులు, వీపు వెనక నెమలి పించం ఉన్న పెళ్ళికొడుకు కుర్చీ, పెళ్ళికూతురు కుర్చీ. ఆ జత అప్పటికే పాతబడింది, ఎవరూ అడగడం లేదు.

కాబట్టి సర్వే ఇలా జరిగేది. పెళ్ళికూతురు కుర్చీలో ఒక పెద్దావిడ. పెళ్ళికొడుకు కుర్చీలో ట్యాబ్ పట్టుకుని నేను. ఎదురుగా చాప మీద వరసలో ఉన్న మిగతా ఆడవాళ్ళు, బారాత్ చూడ్డానికి వచ్చినట్టు.

"దుల్హా బాగనే ఉన్నడు, జర బక్కగున్నడు" అంది ఒకామె.

"సారూ, జల్ది అడుగు. మా ఆయన గిట్ల చూసిండంటే లొల్లి" అంది కుర్చీలో ఉన్నామె. ఆమె వయసు అరవై మూడు.

గోప్యత అన్న మాట మా కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉంది. చాప మీద వాళ్ళను బయటికి పంపాలని మొదటి రోజు ప్రయత్నించాను. బయట ఎండ, లోపల ఫ్యాను. ఎవరూ కదల్లేదు.

సున్నా నుంచి ఆరు మార్కుల దగ్గర అసలు కష్టం. "రాత్రిపూట ఒళ్ళు ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పట్టడం మిమ్మల్ని ఎంత బాధపెడుతోంది?" అని అడిగాను ఒకామెను.

"నాకు నాలుగు ఎయ్యి."

వెంటనే చాప మీద నుంచి ఇంకొకామె, "ఆమెకే నాలుగైతే నాకు ఆరు ఎయ్యి సారూ. ఆమె కూలర్ ముంగట పంటది."

"అట్లయితే నాది అయిదు జెయ్యి" అంది కుర్చీలో ఆమె.

ఖాలా తోరణాలు చుట్టుకుంటూ నవ్వింది. "క్యా జీ, బేగంబజార్ల ఉల్లిగడ్డ బేరమా ఇది? ఎంత చెమట వస్తే అంత చెప్పున్రి!"

నడుము కొలతలు అక్క పని. షామియానా గుడ్డ అడ్డం కట్టి దాని వెనక తీసేది. "ఊపిరి బిగబట్టకు వదినా, ఇది ఫోటో కాదు" అని వినిపించేది. షుగర్ పరీక్షకు పరగడుపున రావాలి. అందరూ పరగడుపునే వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళను ఉత్తగా కూర్చోబెట్టడం ఖాలా ఇంటి పద్ధతి కాదు కాబట్టి, ఆవిడ అందరికీ చాయ్ ఇప్పించేది. నా ఫారం "ఈ ఉదయం ఏమైనా తిన్నారా?" అని అడిగేది. లేదని వాళ్ళు నిజమే చెప్పేవాళ్ళు. ఆ గల్లీ మొత్తానికి షుగర్ ఎందుకు ఎక్కువగా ఉందో తెలియడానికి నాకు నాలుగు రోజులు, ఆరు కప్పుల చాయ్ పట్టింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఇక క్యాంపు ఎనిమిదో రోజు సంగతి.

ఆ పొద్దున అక్కను వేరే డ్యూటీ మీద పక్క గల్లీకి పంపారు. నేనొక్కణ్ణే. పదింటికి ఒకావిడ వచ్చింది. మున్సిపాలిటీలో ముప్పై ఏళ్ళు రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. గల్లీలో హిందువులూ ముస్లిములూ అంతా ఆమెను మున్సిపాలిటీ అమ్మ అనేవాళ్ళు. సన్నగా, నిటారుగా, చీర కొంగు బొడ్లో దోపుకుని ఉంది. కొడుకు, కోడలు, మనవలతో ఒకే ఇంట్లో ఉంటుంది. వయసు అరవై ఒకటి. కుర్చీలో కూర్చోగానే సింహాల తలల మీద చేతులు ఆనించింది.

"నెలసరి ఆగి ఏడాది దాటిందా అమ్మా?"

ఆమె చాప వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆగింది బిడ్డా. తొమ్మిదేండ్లాయె. మల్ల షురూ అయింది."

"ఆగిందా, ఆగలేదా?"

"ఆగింది. వచ్చింది."

ట్యాబ్‌లో రెండే బటన్లు. "అవును" నొక్కాను. ఆరు ప్రశ్నలు మాయమై తెర మోకాళ్ళ నొప్పుల దగ్గరికి దూకింది.

"రక్తం సంగతి అడగవా?" అందామె.

"ఆగిపోయిందన్నారు కదమ్మా, అందుకని ఆ ప్రశ్నలు రావు."

"వస్తున్నదని చెప్తున్న గద."

సరేనని వెనక్కి వెళ్ళి "లేదు" నొక్కాను. తెర ఎర్రబడింది. కుయ్యిమంది. చాప మీద వాళ్ళంతా తలెత్తారు.

"ఏందది?" అందామె.

"మీ వయసు సరిచూడమంటోంది."

ఆమె రొండిన దోపుకున్న సంచీ తీసి, అందులోంచి ఆధార్, పింఛను పుస్తకం, పాత గుర్తింపు కార్డు ఒక్కొక్కటే నా ఒళ్ళో పెట్టింది. వయసు సరిగ్గానే ఉంది. ట్యాబ్ కూడా సరిగ్గానే పనిచేస్తోంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కుయ్యిమంది.

"అయితే వయసు తగ్గించు" అందామె.

"అట్లా తప్పు రాయకూడదమ్మా."

"మిషనేమో అబద్ధం చెప్పమంటున్నది. నువ్వేమో వద్దంటున్నవు. నేనేం జెయ్యాలె మరి?"

చాప నుంచి సలహాలు మొదలయ్యాయి. సిమ్ తీసి పెట్టమని ఒకామె. ట్యాబ్ బంద్ చేసి షురూ చేయమని ఇంకొకామె. "అవునని కొట్టెయ్ సారూ, ఎండెక్కుతుంది" అని మూడో ఆమె. నేను మూడో ఆమె మాట విన్నాను. "అవును" నొక్కి, మిగతా ప్రశ్నలు అడిగి, చివరికి ఆకుపచ్చ గుర్తు రాగానే తెర ఆమె వైపు తిప్పి, "అయిపోయిందమ్మా" అన్నాను.

ఆమె లేవలేదు.

"నా సంగతి అండ్ల వడిందా?"

"ఫారం పూర్తయింది."

"ఫారం గాదు. నా సంగతి."

ఆమె కుడి చెయ్యి చాపి బొటనవేలు చూపించింది. ముద్ర గీతలేమీ కనిపించనంత నున్నగా అరిగిపోయి ఉంది. "పొద్దుగాల అయిదింటికి హాజరు మిషన్ల వేలు పెట్టేదాన్ని. గుర్తు పట్టకపోయేది. చీపురు పట్టుకొని దాని ముంగటనే నిలవడ్డ, అయినా నేను రాలేదనే అన్నది. అయ్యాల్టి సంది తెల్సు నాకు. మిషన్ ఒప్పుకునేదాంక కదలొద్దు. కదిలితే మనం లేనట్టే."

ఆమె ఆ మాట మీదే కూర్చుంది. ఉన్నది రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆమె, ఇంకోదాంట్లో నేను. నేను లేచి నా కుర్చీ తర్వాతి మనిషికి ఇస్తే, ఆ వచ్చినామె మున్సిపాలిటీ అమ్మ పక్కన పెళ్ళికొడుకులా కూర్చోవాలి. ఎవరూ ఒప్పుకోలేదు. చాప మీద కూర్చుని అడుగుదామంటే, బీపీ మిషను గొట్టం అంత దూరం రాదు. సర్వే ఆగిపోయింది. పదకొండయింది. పన్నెండయింది. మేమిద్దరం పక్కపక్కన కూర్చునే ఉన్నాం. రోడ్డు మీద పోయేవాళ్ళు లోపలికి తొంగి చూసి, ఏమైందని అడిగి, చెప్పించుకుని వెళ్తున్నారు. ఒకతను ఫోటో కూడా తీశాడు. ఖాలా రెండు పళ్ళేల్లో బగారా అన్నం, దాల్చా తెచ్చి మా చేతుల్లో పెట్టింది.

"ఖావో బేటా. ఇంత లంబా నికా, ఇంత పొడుగు పెళ్ళి నేను చూడలే."

మున్సిపాలిటీ అమ్మ నవ్వలేదు. అన్నం కలుపుతూ నాకు మాత్రమే వినబడేటట్టు అంది: "ఇంట్ల చెప్పలే. కోడలికి ఎట్ల చెప్తం? మీ కాయిదంల ఎవ్వలికి చెప్పం అని రాసిన్రు గద. మిషన్‌కైతే చెప్పొచ్చు, అది నోరిప్పదు అనుకున్న."

అప్పటికి గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. తెలియంది ట్యాబ్‌కు మాత్రమే.

రెండింటికి అక్క వచ్చింది. మా ఇద్దరినీ అలా చూసి మొదట నవ్వబోయింది. నేను విషయం చెప్పాను: ఫారం పూర్తయింది, ఆవిడ లేవడం లేదు, పని ఆగిపోయింది. అక్క నా మాట సగంలోనే వదిలేసి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"ఎన్ని దినాల సంది పెద్దమ్మా?"

"నాలుగు నెలలాయె."

"మరకలా, బట్ట పెట్టుకునేటంతనా?"

"మొదాల మరకలే. గిప్పుడు బట్టనే."

అక్క మొహం మారిపోయింది. లేచి నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"సార్, ఆగినంక మల్ల రక్తం కనవడ్డదంటే, ఒక్క చుక్కైనా సరే దవాఖానకు పంపాలె. మాకు మొట్టమొదటి ట్రైనింగ్‌లనే చెప్తరు. అది క్యాన్సరైనా కావచ్చు." తర్వాత ట్యాబ్ చూపించి, "అది పొద్దుగాలనే ఎర్రగయ్యింది గద. మీరు ఆమె వయసును అనుమానించిన్రు" అంది.

డాక్టర్ మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ రేపు పొద్దున్నే ఓపీకి తీసుకురమ్మన్నారు. తర్వాత అడిగారు: "ఆ ఎర్ర రూలు ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ పెట్టమనలేదు మేడమ్. నేనే పెట్టాను."

"నేను చూశానా?"

"చూశారు మేడమ్. సంతకం పెట్టారు."

"సరే, రేపు నువ్వూ రా" అన్నారు.

ఇంట్లో చెప్పే పని అక్క తీసుకుంది. మున్సిపాలిటీ అమ్మ నాలుగు నెలలుగా ఏ భయంతో ఇంట్లో నోరిప్పలేదో, ఆ భయం రెండు నిమిషాల్లో తీరిపోయింది. కోడలు ఆటోలో అందరికంటే ముందెక్కి కూర్చుంది. దవాఖానలో పరీక్షలు చేసి, గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పంపారు. క్యాన్సరే. కానీ ఇంకా గర్భసంచి దాటి బయటికి పోలేదు. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో మేడమ్ నాకు వివరంగా చెప్పారు. కావాలనే వివరంగా చెప్పారనుకుంటాను.

ఆపరేషన్ రోజు సాయంత్రం నేను ఆఫీసులో కూర్చుని, అప్పటిదాకా పూర్తయిన ఫారాలన్నీ తెరిచాను. ఇంకెంతమందికి ఇలా ఉందో వెతుకుదామని. నా పట్టికలో ఆ ఆరు గడులూ వరసలు వరసలుగా ఖాళీగా ఉన్నాయి. ఖాళీ అంటే లేదని కాదు, నేను అడగలేదని. కంప్యూటర్లు చదివినవాణ్ణి కదా, ఏదో ఒక కిటుకుతో తెలుసుకోవచ్చని రాత్రి భోజనం వేళ దాకా ప్రయత్నించాను. ఏ కిటుకూ లేదు. మళ్ళీ ప్రతి గడపా ఎక్కి అడగడం ఒక్కటే దారి.

తెల్లారి ఎర్ర రూలు తీసేశాను, దాటవేత తీసేశాను, ఖాళీ గడి తిరిగి పెట్టాను. ఆ తర్వాత మూడు వారాలు నేనూ అక్కా ఇల్లిల్లూ తిరిగాం. ఒక్కటే ప్రశ్న. నేను అడగడం లేదు, అక్కే అడుగుతోంది. నేను జాబితా పట్టుకుని పేర్లు కొట్టేస్తున్నాను. చాలామంది లేదన్నారు. కొందరు ఆ ప్రశ్న కింద వేరే సంగతులు చెప్పారు: దగ్గితే బట్టలు తడవడం, మొగుడి పక్కన పడుకోవాలంటే నొప్పి, ఊరికే ఏడుపు రావడం. నలభై ప్రశ్నలకు బయట అంత బతుకు ఉందని ఆ మూడు వారాల్లో తెలిసింది. అక్క అన్నీ ఖాళీ గడిలోనే రాయించింది. చెప్పింది చెప్పినట్టు రాశాను.

ఖాలా పేరు జాబితాలో మొట్టమొదటిది. క్యాంపు తొలిరోజు, అందరికీ ధైర్యం రావాలని తానే ముందు కూర్చుని జవాబులు చెప్పింది. ఆమె ఫారమంతా ఆకుపచ్చ. ఎనిమిదో రోజు మా పక్కనే ఉండి మొత్తం విన్న మనిషి కాబట్టి, ఏమైనా ఉంటే చెప్పి ఉండేదని ఆమెను చివరికి ఉంచాను. ఆఖరి రోజు ఊరికే పేరు కొట్టేద్దామని వెళ్ళాను. అక్క వెనక వస్తోంది. ఖాలా డేగిషాలు లెక్క చూస్తోంది.

"ఖాలా, ఒక్క మాట. మీకు కూడా ఆగాక మళ్ళీ ఎప్పుడైనా..."

ఖాలా చెయ్యి ఒక డేగిషా మీద ఆగిపోయింది. "హౌ" అని తలూపింది. "మొన్న బక్రీద్ సంది. అప్పుడప్పుడు."

"అంత జరుగుతుంటే, ఇక్కడే ఉండి కూడా ఎందుకు చెప్పలేదు ఖాలా?"

"నన్ను ఎవ్వరు పూచే, ఎవ్వరు అడిగిన్రు? అందరూ చాయ్ అడిగిన్రు, కుర్చీ అడిగిన్రు, ఫ్యాన్ తేజ్ చెయ్యమన్నరు." నవ్వబోయింది, రాలేదు. "అది ఎర్రగైందని మీరంతా లొల్లి చేస్తుంటే నాకు డర్ అయింది బేటా. నాది కూడా గంతేనా?"

నేను ట్యాబ్ తీశాను. అలవాటు. ఎన్నాళ్ళ నుంచి, ఎన్ని రోజులకోసారి అని అడగబోయాను. ఖాలా చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు నక్కో, వద్దు. నువ్వు బయటికి పో. ఆమెను పంపు."

బయటికి వచ్చాను. అక్క లోపలికి వెళ్ళి షట్టర్ సగం దించింది. నేను రోడ్డు పక్కన, దించిన షట్టర్‌కు కాపలాగా నిలబడ్డాను. తోరణాలు కావాలని ఒకాయన వస్తే తర్వాత రమ్మన్నాను. డేగిషాలు వెనక్కి తెచ్చిన ట్రాలీ అతన్ని అక్కడే ఆపేశాను. ఏందన్నా లోపల అని అతనడిగితే పని నడుస్తోందన్నాను. నలభై నిమిషాలు. ఆ ఉద్యోగంలో నేను చేసిన పనులన్నీ గుర్తు చేసుకుంటే, అందులో పనికొచ్చింది ఇదేననిపిస్తుంది.

మొదట లోపల్నుంచి ఏమీ వినపడలేదు. తర్వాత ఎవరో ఏడ్చినట్టు అనిపించింది. ఇంకాసేపటికి ఇద్దరూ నవ్వడం వినిపించింది. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క ఆ రోజు ఖాళీ గడిలో ఒక్క ముక్క కూడా రాయలేదు, నేను అడగలేదు.

మర్నాడు పొద్దున ఆటో మాట్లాడి గల్లీ చివర నిలబెట్టాను. ఖాలా, అక్క, కుట్లు మానుతున్న మున్సిపాలిటీ అమ్మ ఎక్కారు. ఆమెను ఇంకా బయట తిరగొద్దన్నారు, వినలేదు. ఖాలాది గర్భసంచిలో పెరిగిన, ప్రమాదం లేని చిన్న కండ అని, తీసేస్తే సరిపోతుందని తెలియడానికి ఇంకో పది రోజులుంది. అప్పటికింకా ఎవరికీ తెలియదు. ఖాలా సంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉంది, మున్సిపాలిటీ అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

నేను ముందు డ్రైవర్ పక్కన ఎక్కబోయాను.

"నువ్వెందుకు సారూ?" అంది మున్సిపాలిటీ అమ్మ. "మేం జెప్పుకుంటం."

ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, నడుచుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను.